సుగుణ మేడంగారి సంచీ, ఒక ఇంగ్లీషు మాటా

ముందే ఒక మాట చెప్పేస్తాను. సుగుణ మేడంగారికి కొత్త సంచి కొనిచ్చేశాం. ఆవిడ తీసుకున్నారు, నవ్వారు కూడా. కాబట్టి ఇది చదివి మీరు నవ్వినా పాపమేమీ లేదు. నవ్వకపోతేనే నాకు కష్టం. అరవై దాటినదాన్ని, స్త్రీల సమాజంలో ముందు వరసలో కూర్చునేదాన్ని, నోట్లో నిప్పు పెట్టుకుని పెద్దమనిషి ఎదురుగా కూర్చున్నానంటే, అది కనీసం నవ్వుకోవడానికైనా పనికి రావాలి కదా!

అసలు నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాదు. కూరగాయల బండి దగ్గర నేను బేరమాడితే ఆ అబ్బాయి "ఏటన్నారమ్మా?" అని తోపుడుబండి మీదికి వంగి మరీ అడుగుతాడు. ఇంట్లో నాకున్న పెద్ద పని ఒక్కటే. ఎవరు ఎవరికి ఏమవుతారు, ఏ తాతగారు ఏ ఊరి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు, పాత ఫోటోలో వెనక సగం మొహంతో నిల్చున్న ఆవిడెవరు, ఇవన్నీ నన్ను అడుగుతారు. నేను చెప్తాను. తెలియదన్న మాట నా నోట రాదు. ఆ గర్వమే కొంప ముంచింది.

మా కోడలు ప్రసన్న ఇంగ్లీషు లెక్చరర్. తెల్లారకుండానే బస్సెక్కి అనకాపల్లి అవతల ఒక కాలేజీకి వెళ్తుంది. తిరిగొచ్చేసరికి మా మనవరాలు జెస్సీ నిద్రలో ఉంటుంది. తల్లి ఆ పిల్లకి మెలకువలో కనబడేది ఆదివారం ఒక్కరోజే. మొన్నామధ్య చుట్టాలావిడ ఒకరు "మీ అమ్మ ఏం చేస్తుందే?" అని అడిగితే జెస్సీ ఏమందో తెలుసా? "బస్సు ఎక్కుతుంది" అంది. అందరం నవ్వాం. ప్రసన్న మాత్రం వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి చాలాసేపు నిలబడింది.

అలాంటి సమయంలో మన నర్సీపట్నంలోనే, ఇంటి నుంచి నడిచి వెళ్ళే దూరంలో ఉన్న కాలేజీలో ఇంగ్లీషు పోస్టు ఖాళీ అయింది. ప్రిన్సిపాల్ సుగుణ మేడంగారు. మా చర్చి సంఘంలో స్త్రీల సమాజానికి ప్రెసిడెంటు కూడా ఆవిడే. "ఇంకేం, మనవాళ్ళే కదా, ఇచ్చేస్తారు" అన్నాడు మా అబ్బాయి. ఆ మాట ఆవిడ చెవిన పడుంటే పోస్టు ఆ నిమిషమే పోయేది. ఆవిడ అంత ఖచ్చితం. సొంత మేనకోడలికి కూడా సీటు లేదని పంపేసిన మనిషి!

అప్లై చేసిన వాళ్ళందరికీ ఆవిడ ఒకటే పరీక్ష పెట్టారు. ఒక్కొక్కరికీ ఒక్కో ఇంగ్లీషు మాట ఇస్తారు. దాని అర్థం ఏమిటి, సాహిత్యంలో దాన్ని ఎలా వాడతారు, అది పిల్లల ముందు క్లాసు చెప్పి చూపించాలి. శనివారం డెమో. ప్రసన్నకి వచ్చిన మాట 'స్మోల్డర్'.

శుక్రవారం సెలవు పెట్టి, వరండాలో అటూ ఇటూ తిరుగుతూ పాఠం వల్లిస్తోంది ప్రసన్న. జెస్సీ లోపల పడుకుంది. నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వింటున్నాను.

"మంట లేకుండా, పొగతో, మెల్లగా లోలోపల కాలడం. ఇది మామూలు అర్థం అత్తయ్యా. కథల్లో, కవిత్వంలో అయితే మనుషులకి వాడతారు. కోపం స్మోల్డర్ అవుతుంది. పగ అవుతుంది. పైకి చెప్పుకోలేని ప్రేమ కూడా అవుతుంది. యుద్ధం అయిపోయిన ఊరు మర్నాడు పొద్దున్న స్మోల్డర్ అవుతూ ఉంటుంది. ఒక్కోసారి కళ్ళు కూడా."

"కళ్ళు కాలడం ఏమిటమ్మా?"

"హీరో కళ్ళు అత్తయ్యా. హీరోయిన్ని చూసినప్పుడు."

"అది మాత్రం పిల్లలకి చెప్పకు," అన్నాను.

నవ్వింది గానీ మొహంలో దిగులు పోలేదు. కుర్చీలో కూలబడి, "అర్థం ఫోన్లో కూడా దొరుకుతుంది అత్తయ్యా. మేడంగారికి అది చాలదు. పిల్లలు ఇంటికెళ్ళాక కూడా మర్చిపోని ఉదాహరణ కావాలంటారుట. ఇప్పటి పిల్లలకి గ్యాస్ స్టవ్ తప్ప నిప్పే తెలీదు. కుంపటి అంటే ఏమిటో చెప్పేసరికే పీరియడ్ అయిపోతుంది," అంది.

మన భాషలో ఈ మాటకి కొదవేముంది? రాజుకోవడం, రగలడం, మకమకలాడడం, అన్నీ ఉన్నాయి. మా అమ్మ చిలగడదుంపలు కుమ్ములో పెట్టేది. పైకి చూస్తే బూడిదే. లోపల ఎర్రటి నిప్పు. దుంప ఉడికిపోయేది, మంట కనబడేది కాదు. లోలోపల బాధపడే మనిషిని చూసి కుమిలిపోతోంది అంటామే, అది కూడా ఆ కుమ్ములోంచి వచ్చిందే కాబోలు. ఇవన్నీ చెప్పాను.

"బావున్నాయి అత్తయ్యా. కానీ దుంప కాదు, మనిషి కావాలి. క్లాసులో ఒక మనిషి కనబడాలి."

మనిషి కావాలి అనగానే నాకు మా అత్తగారు గుర్తొచ్చారు.

మా అత్తగారు రత్నమ్మగారు మిషనాసుపత్రిలో ఆయాగా చేసేవారు. ప్రసన్న ఆవిణ్ణి చూడలేదు. ఆవిడకి అడ్డపొగ అలవాటు. మన వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ తెలియని వాళ్ళ కోసం చెప్తున్నాను. చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లోకి, ముట్టించని కొస బయటికి పెట్టుకుని కాల్చడం. గాలికీ వానకీ ఆరదు, ఒళ్ళో పిల్ల మీద నుసి రాలదు, చేతులు రెండూ పనికి ఖాళీగా ఉంటాయి. ఇవీ ఆవిడ చెప్పే కారణాలు. మంచి అలవాటని నేననను. చూస్తే మాత్రం కళ్ళు తిప్పుకోలేకపోయేదాన్ని.

అక్కడ ఒక పెద్ద నర్సు ఉండేదిట. అందరి ముందూ "ఏయ్ రత్తీ" అని పిలిచేది. మా అత్తగారు తిరిగి ఒక్క మాట అనేవారు కాదు. ఇంటికొచ్చి, చిన్న చుట్ట ముక్క వెలిగించి, తిప్పి నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి అంట్లు తోముతూ కూర్చునేవారు. పెదవి మూల నుంచి సన్నటి పొగ. అంతే. ఆ పొగ చూసి మా మావగారు పిల్లలకి సైగ చేసేవారు. "మీయమ్మ జోలికి ఎల్లకండి. లోన అంటుకున్నాది."

ప్రసన్న లేచి నిలబడిపోయింది.

"అత్తయ్యా! ఇదే! నోరు మూసే ఉంది, లోపల నిప్పుంది, బయటికి పొగ మాత్రమే తెలుస్తోంది. కోపం స్మోల్డర్ అవడం అంటే ఇదే! ఇంకే పుస్తకం అక్కర్లేదు నాకు!"

నేను ఎంత పొంగిపోయానో! మా అత్తగారు ఇంగ్లీషు సాహిత్యంలో పనికొచ్చారు!

ఆ సంతోషం చల్లారకముందే ప్రశ్నలు మొదలెట్టింది. "మరి నాలిక కాలదా? నిప్పు ఎక్కడ ఆనుతుంది? అంగిటికి తగలదా? పిల్లలు అడుగుతారు అత్తయ్యా. పిల్లల కంటే ముందు మేడంగారు అడుగుతారు."

ఇన్నేళ్ళుగా ఆవిడ కథ చెప్పుకుంటూ వచ్చానే, ఆ నిప్పు నోట్లో ఎక్కడ ఉండేదో ఏనాడూ అడగలేదు! తెలియదు అనడం నాకు చేతకాదు. "అడిగొస్తానుండు," అని లేచాను.

మా గోడ అవతల అప్పలనరసమ్మ ఉంటుంది. నాకంటే పెద్దది. మా వీధిలో ఇప్పటికీ అడ్డపొగ తాగేది ఆవిడొక్కతే. కోడలికి తెలియకుండా తాగుతుంది. అంటే, వీధి మొత్తానికి తెలుసు, కోడలికి కూడా తెలుసు, తెలియదని అప్పలనరసమ్మ నమ్మకం.

"నాలిక కాలదా అప్పలనరసమ్మా?" అని గోడ మీంచి అడిగాను.

"ఏటీ?"

ఇంకొంచెం గట్టిగా అడిగాను.

"ఏల కాల్తాది? నాలిక్కిందకి నొక్కీసుకోవాల. నోట్లో ఉమ్ము ఉంటాది కదేటి."

"మరి అంగిటికి?"

"సెపితే తెల్దు శాంతమ్మా. పెట్టుకుంటే తెలుస్తాది." నడుముకి దోపుకున్న చుట్ట తీసి పుటుక్కున విరిచి, గోడ మీంచి అందించింది. "నిండు సుట్ట నీకెందుకు, ఈ పిల్ల ముక్క సాలు. బేగి పట్టుకెల్లు, మా కోడలు సూసిందంటే ఉన్నవన్నీ నూతిలో పారేస్తాది."

నేను తెచ్చింది తాగడానికి కాదు, తెలుసుకోవడానికి. ఆ తేడా నాకూ దేవుడికీ తెలుసు. మిగతా వాళ్ళకి తెలియజెప్పడానికే ఇప్పుడింత రాయాల్సి వస్తోంది.

"ఇటివ్వండి, నేను పెట్టుకుంటాను," అంది ప్రసన్న.

"వద్దమ్మా. రేపు నువ్వు పాఠం చెప్పాలి, నీకు నాలిక కావాలి. నాకు దాంతో అంత పని లేదు," అన్నాను.

వరండాలో నా కుర్చీలో కూర్చున్నాను. అగ్గిపుల్ల గీసి ముట్టించాను. ఒకసారి పీల్చేసరికి దగ్గు, ఇంకోసారికి కళ్ళ వెంట ధార. మొత్తానికి కొస ఎర్రబడింది. ఊపిరి బిగబట్టి, మా అత్తగారిని తల్చుకుని, గభాల్న తిప్పి నోట్లో పెట్టేసుకున్నాను.

నిలబడింది!

నాలిక కిందికి నొక్కాను. అంగిట్లో వేడి, ఎవరో ఆవిరి కుడుము పెట్టినట్టు. పొగ ఎటు పోవాలో తెలియక ముక్కులోకి ఎక్కింది. ముక్క మరీ చిన్నది కదా, పెదాలు మూస్తే బయటికి ఏమీ కనబడటం లేదు.

"వేడిగా ఉందా అత్తయ్యా?"

తల ఊపాను.

"భయంగా ఉందా?"

ఇంకా గట్టిగా ఊపాను.

"నిప్పు పైకి ఆనిందా, పక్కకా?" అంటూ నా నోటి వైపు వంగి చూస్తోంది. సరిగ్గా అప్పుడే గేటు కిర్రుమంది.

"శాంతమ్మక్కా! ఇంట్లోనే ఉన్నారా!"

సుగుణ మేడంగారు!

ఉమ్మేయొచ్చు కదా అంటారు మీరు. ఎక్కడ? ఆవిడ అప్పటికే మెట్టు ఎక్కేశారు. లోపలికి పరిగెడదామా అంటే మోకాళ్ళు ఒప్పుకోవాలి కదా. చేతిలోకి తీసుకుంటే నిప్పు. ఏం చెయ్యను? కొంగు తల మీదికి లాక్కుని, దాని కొస నోటికి అడ్డం పెట్టుకున్నాను. ప్రసన్న కంగారులో, మేడంగారికి కుర్చీ వేయడానికి నా ఎడమ పక్కనుండే మనీప్లాంటు కుండీని దూరంగా జరిపింది. ఆవిడ కూర్చుని, భుజాన ఉన్న గోనెగుడ్డ సంచి తీసి ఆ కుండీ ఉన్న చోట కింద పెట్టారు. ఇదంతా నేను చూడలేదు. నా కళ్ళ నిండా నీళ్ళు.

"ముందే చెప్తున్నాను ప్రసన్నా, డెమో సంగతి ఇక్కడ ఎత్తకూడదు. రేపు కాలేజీలో నువ్వెవరో నాకు తెలీదు," అన్నారు కూర్చుంటూనే. తర్వాత నా వైపు తిరిగారు. "అయ్యో, ఏంటక్కా కన్నీళ్ళు? ప్రార్థనలో ఉన్నారా? మధ్యలో వచ్చేశానా?"

తల అవుననీ కాకుండా, కాదనీ కాకుండా తిప్పాను. ప్రసన్న లోపలికి పరిగెత్తి టీ తెచ్చింది. అలవాటుగా రెండు గ్లాసులు తెచ్చి, ఒకటి నా ముందు స్టూలు మీద పెట్టాక నాలిక్కరుచుకుంది.

"తాగండక్కా, చల్లారిపోతుంది," అన్నారు మేడంగారు.

"అత్తయ్యకి... శుక్రవారం ఉపవాసం అండీ!" అంది ప్రసన్న.

పొద్దున్న నేను తిన్న నాలుగు ఇడ్లీలూ కడుపులో సిగ్గుపడ్డాయి.

"చూశావా, అదీ భక్తి," అని ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. గట్టిగా. ఇక లేచి పోయే దారి కూడా మూసుకుపోయింది. "నేనెందుకొచ్చానంటే అక్కా, ఆదివారం ఆరాధన అవగానే మన సమాజం వాళ్ళం నాతవరం వైపు ఊళ్ళకి వెళ్తున్నాం. కరపత్రాలు అచ్చు వేయించాను. సంచి నిండా ఉన్నాయి. దేని మీదో చెప్పుకోండి? చుట్టల మీద! అందులోనూ ఈ అడ్డపొగ మీద. మన ఆడవాళ్ళు ఇది మానాలా వద్దా, మీరు చెప్పండి!"

"ఊఁ," అన్నాను ముక్కుతో.

"అంతే! నేను గంట చెప్పేది మీరు ఒక్క ముక్కలో చెప్పారు!"

ముక్క సంగతి ఆవిడకేం తెలుసు.

మామూలుగా అయితే నేను మాట్లాడకపోవడం ఎవరికైనా వింతగా ఉండాలి. నా బతుక్కి అది ఎవరికీ వింత కాదు. ఆవిడ అడుగుతారు, ఆవిడే జవాబు చెప్పుకుంటారు, నేను తలాడిస్తాను. ఎప్పుడూ జరిగేదే. నోట్లో నిప్పు ఒక్కటే కొత్త.

ఉన్నట్టుండి ఆవిడ ముక్కు ఎగబీల్చారు. "చుట్ట వాసన రావట్లేదూ?"

"పక్కింటిదండీ," అంది ప్రసన్న.

ఆలోచిస్తే అది అబద్ధం కూడా కాదు. చుట్ట పక్కింటిదే.

"చూశారా అక్కా, మన గోడ పక్కనే! సరే, ఈ పని కోసం ఒక్క మాట ప్రార్థన చేసుకుని వెళ్తాను. మీరు చేస్తారా?"

ఆ క్షణంలో నా ప్రాణం ఎక్కడుందో నాకు తెలియదు. తల అడ్డంగా ఊపాను. ఎంత గట్టిగా ఊపానంటే కొంగు జారిపోయింది.

"సరే సరే, నీరసంగా ఉన్నట్టున్నారు. నేనే చేస్తాను," అని నా చెయ్యి వదిలి, చేతులు జోడించి, కళ్ళు మూసుకున్నారు. ప్రసన్న కూడా మూసుకుంది.

ఇంతకంటే మంచి సమయం దొరుకుతుందా? కళ్ళు తెరుచుకుని ఉంటే సుఖంగా లేచి వెళ్ళి దొడ్లో పారేసి రావచ్చు. కానీ చిన్నప్పుడు సండేస్కూల్లో నేర్పిన అలవాటు, 'ప్రార్థన' అన్న మాట వినబడగానే నా రెప్పలు వాటంతట అవే పడిపోతాయి. ఇక ఆమెన్ దాకా తెరుచుకోవు. ఈ వయసులో, చుట్ట నోట్లో పెట్టుకున్న పాపానికి తోడు, ప్రార్థనలో కళ్ళు తెరిచిన పాపం కూడానా? వద్దనుకున్నాను. కళ్ళు మూసుకునే, ముక్కని మెల్లగా వేళ్ళతో బయటికి తీసి, ఎడం చెయ్యి కిందికి చాచి, ఎప్పుడూ మనీప్లాంటు కుండీ ఉండే చోట వదిలేశాను. చప్పుడు కాలేదు. మెత్తటి మట్టిలో పడింది, ఆరిపోతుంది, దేవుడు కాపాడాడు అనుకున్నాను.

సుగుణ మేడంగారి ఒక్క మాట ప్రార్థన గురించి మా సంఘంలో అందరికీ తెలుసు. ఆవిడ రోగుల్ని తల్చుకున్నారు, పరీక్షలు రాసే పిల్లల్ని తల్చుకున్నారు, తాండవ రిజర్వాయరు నిండాలన్నారు, గోతులు పడ్డ రోడ్డు మీద ఆటోల్లో తిరిగేవాళ్ళు క్షేమంగా ఉండాలన్నారు. మధ్యలో ఒకసారి ఆగి, ముక్కు ఎగబీల్చి, "ప్రభువా, ఈ దగ్గర్లోనే ఎవరో చుట్ట కాలుస్తున్నారు, వాసన నాకు బాగా తెలుస్తోంది, ఆ బిడ్డ ఎవరో నీకు తెలుసు," అన్నారు.

"స్తోత్రం," అన్నాను. నోరు ఖాళీ అయింది కదా. బొంగురుగా, ఎప్పుడూ లేనంత గట్టిగా వచ్చింది.

వాసన మాత్రం అంతకంతకూ ఎక్కువైంది. ఇప్పుడు అది చుట్ట వాసన కూడా కాదు. కాగితం వాసన, గోనె వాసన. కళ్ళు తెరవాలని ఎంత అనిపించిందో! రెప్పలు బిగించుకుని కూర్చున్నాను.

"ఆమెన్!"

ముగ్గురం కళ్ళు తెరిచాం. నా ఎడమ పక్క కుండీ లేదు. అక్కడ సంచి ఉంది. సంచి నోట్లోంచి సన్నగా, తిన్నగా, ఏ తొందరా లేకుండా పొగ లేస్తోంది.

"నా సంచి! అయ్యో, బర్నింగ్! బర్నింగ్!" అని లేచి అరిచారు మేడంగారు.

మా ప్రసన్న, పొద్దుటి నుంచి ఒకటే పాఠం వల్లించిన పిల్ల, ఆ సంచి వైపు వేలు చూపించి ఏమందనుకున్నారు?

"బర్నింగ్ కాదు మేడం. స్మోల్డరింగ్. మంట లేదు చూడండి."

అనేసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. రేపు ఎవరి ముందైతే పాఠం చెప్పి ఉద్యోగం తెచ్చుకోవాలో, ఆవిడ ఇంగ్లీషునే దిద్దింది! నా కళ్ళ ముందు అనకాపల్లి బస్సు వెళ్ళిపోయింది, దాంట్లో కిటికీ పక్కన మా ప్రసన్న. నేను గబగబా స్టూలు మీదున్న టీ గ్లాసు ఎత్తి సంచిలో పోసేశాను. 'చుయ్' మంది. అల్లం వాసన కూడా వచ్చి కలిసింది.

మేడంగారు కరపత్రాల కట్ట బయటికి తీశారు. అంచులు నల్లగా వంకర తిరిగి, ఆ నలుపు పక్కన ఇంకా ఒక ఎర్ర గీత మెల్లగా పాకుతోంది. కట్ట మధ్యలోంచి తడిసిన చుట్ట ముక్క రెండు వేళ్ళతో పట్టుకుని పైకెత్తారు.

"ఇది నా సంచిలోకి ఎలా వచ్చింది?"

జవాబు గోడ అవతల నుంచి వచ్చింది. అప్పలనరసమ్మ గొంతు ఖంగుమంది.

"శాంతమ్మా! నోట్లో నిలబడ్డాదా ముక్క? నాలిక సురుక్కుమన్నాదేటి? ఇంకోటి కావాలంటే సెప్పు!"

మేడంగారు గోడ వైపు చూశారు. ముక్క వైపు చూశారు. తర్వాత నా వైపు.

"అది నాదేనండీ," అన్నాను. నా జన్మలో ఒక మాట మొదటిసారికే అందరికీ వినబడింది.

ఇక ప్రసన్న ఆగలేదు. పోయిన ఉద్యోగం ఎలాగూ పోయింది, అత్తగారి పరువైనా దక్కించాలనుకుందో ఏమో, రత్నమ్మగారి కథ మొత్తం చెప్పేసింది. పెద్ద నర్సు, ఆ పిలుపు, బిగించిన పెదాలు, పెదవి మూల పొగ, మావగారి సైగ. "ఈ మాటని పుస్తకాల్లో ఇలాగే వాడతారు మేడం. అరిచే కోపానికి వేరే మాటలున్నాయి. ఇది అరవలేని వాళ్ళ కోపానికి. చూసేవాళ్ళు నిప్పు ఆరిపోయిందనుకుంటారు. ఈ కాగితం అంచు చూడండి, ఆరిపోయినట్టే ఉంది, కానీ నడుస్తూనే ఉంది. ఆ నిప్పు నోట్లో ఎక్కడుంటుందో నాకు చెప్పాలనే అత్తయ్య..." అని ఆగి, నా మొహం చూసి, "అత్తయ్యకి అలవాటు లేదండీ. నిజంగా లేదు," అంది.

మేడంగారు ఆ నల్లటి అంచు వైపు చూశారు. "మా అమ్మదీ అడ్డపొగే," అన్నారు. "ఆవిడ కోపం నాకెప్పుడూ వినబడలేదు. అంగిట్లో పుండు పడ్డాకే తెలిసింది ఎంత కాల్చిందో. ఈ కరపత్రాలు ఆవిడ కోసమే వేయించాను."

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ నా చేతిని ఒకసారి నొక్కి, కళ్ళు తుడుచుకుని, చటుక్కున మళ్ళీ ప్రిన్సిపాల్ అయిపోయారు.

"ప్రసన్నా, డెమో సంగతి ఇక్కడ ఎత్తకూడదన్నాను. ఎత్తావు."

"సారీ మేడం."

"రేపు క్లాసులో ఇదే చెప్పు. కానీ వస్తువు తేకు." గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. "అత్తగారినీ తేకు."

శనివారం ప్రసన్న అదే చెప్పింది. పిల్లలు కిక్కురుమనకుండా విన్నారుట. డెమో చూడడానికి వచ్చిన పెద్దల్లో ఒకాయన, "ఈ మాటకి ఇంత మంచి ఉదాహరణ ఎక్కడ దొరికిందమ్మా?" అని అడిగితే, ప్రసన్న కంటే ముందే మేడంగారు "నా సంచిలో" అన్నారుట. సోమవారానికల్లా ఆర్డరు వచ్చింది. ఇప్పుడు జెస్సీ పొద్దున్న లేచి తల్లి చేత జడ వేయించుకుంటోంది. రోజూ ఆ జడ వంకరగానే వస్తోంది. ఇద్దరూ ఒప్పుకోరు.

నా నాలిక మీద బొబ్బ తగ్గడానికి మాత్రం కొంచెం టైం పట్టింది. నిప్పు ఎక్కడ ఆనుతుందో ఇప్పుడు ఎవరు అడిగినా వేలు పెట్టి చూపిస్తాను.

ఉద్యోగం వచ్చింది కదా, స్త్రీల సమాజంలో కృతజ్ఞత చెల్లించాలని మేమిద్దరం మొన్న కూడికకి వెళ్ళాం. కేకు పంచాం. మేడంగారు కొత్త సంచితో వచ్చారు. చివర్లో లేచి నిలబడి, చాలా గంభీరంగా, "ఇప్పుడు శాంతమ్మక్క ప్రార్థన చేస్తారు. అందరూ కళ్ళు మూసుకోండి," అన్నారు. ఒక్క క్షణం ఆగి, "దానికి ముందు, అందరూ మీ మీ బ్యాగులు ఒళ్ళో పెట్టుకోండి," అన్నారు.

నేను లేచి నోరు విప్పేలోగా హాలంతా జిప్పులు మూసుకుంటున్న చప్పుడు.